పసుపంచు రెక్కలు

ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగి కూర్మమ్మ ఇల్లెక్కడ అని అడిగితే, ఏ కూర్మమ్మ అని ఎదురడిగేవారు. శ్రీకూర్మం స్వామికి మొక్కుకుని పెట్టిన పేర్లు ఆ చుట్టుపక్కల వీధికి నాలుగైనా ఉంటాయి మరి. పురుగుల కూర్మమ్మ అంటే మాత్రం చేతిలో పని వదిలేసి వచ్చి గుమ్మం దాకా దిగబెట్టేవారు. దిగబెట్టి ఊరుకునేవారా అంటే అదీ కాదు, దారి పొడుగునా ఆవిడ సంగతి చెప్పి నవ్వేవారు.

నవ్వరా మరి? ఊరంతా పురుగు పట్టిందని చేలల్లో మందు చల్లుతుంటే, ఈవిడ పొద్దు పొడవకముందే లేచి ఆ పురుగులకే లేత ఆకు కోసుకొచ్చి పెట్టేది. పైగా సర్కారువారు జీతమిచ్చి మరీ ఆ పని చేయించుకునేవారు. ఊరవతల సర్కారు వ్యవసాయ ఫారం ఒకటుండేది. గోగు, నువ్వు, వరి పంటల బాగోగులు అక్కడ చూసేవారు. ఆ ఫారంలో ఒక పెంకుల గది, దాని పేరే పురుగుల గది. గది నిండా సన్నజాలీ కొట్టిన చెక్కపెట్టెలు, పెట్టెల నిండా పురుగులు. వాటికి మేత పెట్టి, పెంట ఎత్తి, అవి గూళ్ళు కట్టుకుని రెక్కలొచ్చి బయటపడేదాకా కనిపెట్టుకుని ఉండటం కూర్మమ్మ ఉద్యోగం.

"పిల్లల్ని పెంచడానికి రాసిపెట్టి లేదు, పురుగుల్ని పెంచుతన్నాది" అని పొరుగింటి తాయారు ఒకసారి నూతి దగ్గర అన్నది. ఆ మాట కూర్మమ్మ చెవిన పడింది. తాయారు నోటికి హద్దూ పద్దూ ఎప్పుడూ లేవు గానీ, ఆ మాట మాత్రం అనకుండా ఉండాల్సింది.

ఎందుకంటే కూర్మమ్మకి ముగ్గురు పుట్టారు. ఆడపిల్ల, మగపిల్లవాడు, మళ్ళీ ఆడపిల్ల. ముగ్గురిలో ఒక్కరూ ఇరవయ్యొకటో రోజు చూడలేదు. ఆ రోజుకి గాని ఉయ్యాల వేసి పేరు పెట్టరు కదా, అందుకని ముగ్గురూ పేరు లేకుండానే వెళ్ళిపోయారు. పోయిన బిడ్డని తలుచుకుని ఏడవడానికైనా ఒక పేరుండాలి. కూర్మమ్మకి అదీ దక్కలేదు. పెద్దది, నడిపోడు, సిన్నది అని లోపల్లోపల అనుకునేది, అంతే. మొగుడు లక్ష్ముడు స్టేషన్లో ధాన్యం బస్తాలు వ్యాగన్లకెత్తే కళాసీ. మాట కరుకు, మనసు వెన్న. మూడోసారి తర్వాత, ఒక్కసారీ వెయ్యని ఆ ఉయ్యాలని తాళ్ళు చుట్టి అటక మీద పెట్టేశాడు. మళ్ళీ దాని ఊసెత్తలేదు.

ఫారంలో మొదట ఆవిడ కలుపు కూలీగా చేరింది. పురుగుల గదికి ఎలా వచ్చిందంటే, నోరు ఊరుకోక వచ్చింది. ఆ గది ఆఫీసరు గణపతిరావు గారు విజయనగరం మనిషి. సన్నగా పొడుగ్గా ఉండేవారు, సోడాబుడ్డి కళ్ళద్దాలు. పెళ్ళాం పిల్లలు విజయనగరంలో ఉంటే ఈయన ఫారం క్వార్టర్సులో ఒంటరిగా ఉండి చెయ్యి కాల్చుకునేవారు. ఒకరోజు గోగు చేలో ఆకుచుట్టు పురుగులు ఏరి డబ్బాలో వేసుకుంటుంటే, పక్క సాలులో కలుపు తీస్తున్న కూర్మమ్మ నడుం నిలబెట్టి అన్నది:

"బాబూ, రెండిట్నీ ఒక్క డబ్బాలో ఏస్తన్నారేటి? ఇది ముట్టుకుంటే ముడుసుకుంటాది. అది ముట్టుకుంటే ఎనక్కి పరిగెడతాది. రెండూ ఒకటెలగవుతాయి?"

గణపతిరావు గారు ముట్టి చూశారు. ఒకటి ముడుచుకుంది, ఇంకొకటి వెనక్కి పరిగెత్తింది. మర్నాటి నుంచి కూర్మమ్మకి కలుపు పని తప్పింది.

ఆ గదిలో ఎనిమిదేళ్ళు చేసింది. అక్షరమ్ముక్క రాకపోయినా ఏ పురుగు ఏ ఆకు ముడుతుందో, ఏ రోజు మేత మానేసి గూటికి పోతుందో నోటికి చెప్పేది. పురుగులతో మాట్లాడేది కూడా. "తిను, తిను. నీకోసమే గదేటి కోసుకొచ్చినాను" అనేది. మొదట్లో గణపతిరావు గారు నవ్వేవారు. రెండేళ్ళు పోయాక ఆయనా మాట్లాడటం మొదలెట్టారు, ఎవరూ వినకుండా.

ఆయనకీ ఒక బెంగ ఉండేది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో వేల పురుగుల్ని సూదికి గుచ్చారు. ప్రతిదానికీ ఎవరో దొర ఎప్పుడో పేరు పెట్టేసి ఉండేవాడు. ఈయన చేసిందల్లా ఆ పేరు వెతికి చీటీ మీద రాయడం. అరవై ఎనిమిది జూన్ ఆఖరుకి రిటైర్మెంటు. కుడికంట్లో పొర మొదలైంది. లోకానికి తెలియని పురుగు ఒక్కటంటే ఒక్కటి తన చేతుల మీద బయటపడాలని, అది కాగితం మీద పడ్డాక ఇంటికి పోవాలని ఆయన కోరిక. ఈ సంగతి ఫారంలో ఒక్క కూర్మమ్మకే తెలుసు.

అరవై ఏడు వానాకాలంలో ఆవిడ గోగు చేను గట్టు మీంచి ఒక ఆకు తెచ్చింది. గోగు ఆకు కాదు, తుత్తురుబెండ ఆకు. కాయలు దువ్వెన పళ్ళలా ఉంటాయి, ఎవరూ పట్టించుకోని పిచ్చిమొక్క. ఆకు అంచు మడిచి కుట్టినట్టు ఉంది. విప్పితే లోపల బియ్యపుగింజంత పురుగు, లేత ఆకుపచ్చ రంగు, తల మాత్రం నల్లగా ఉంది.

"ఇది మన గదికి రానిది బాబూ" అన్నది కూర్మమ్మ. "ఎనిమిదేళ్ళలో నా సేతికి తగల్లేదు."

పెంచమన్నారు. పెంచడం మొదలెట్టింది. పన్నెండు రోజులు తిని, పెట్టె అడుగున పరిచిన రంపంపొట్టులో దూరి గూడు కట్టుకున్నాయి. అక్కడొచ్చింది చిక్కు. చీమలు. పెట్టె కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాలని ఆఫీసరు గారి నియమం. కానీ ఆ నీళ్ళ మీద దుమ్ము తెట్టు కట్టేది, దాని మీంచి చీమలు దర్జాగా నడిచి వచ్చేవి. మొదటి తడవ కట్టిన గూళ్ళన్నీ తినేశాయి. కూర్మమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

రెండో తడవకి ఆవిడ తన ఇంట్లో ఏం చేస్తుందో అదే ఇక్కడా చేసింది. పప్పు డబ్బా చుట్టూ, దేవుడి మూల చుట్టూ చీమలు రాకుండా ఏం చల్లుతారు? పసుపు. పెట్టె కాళ్ళ చుట్టూ పసుపు గీత గీసింది. అదీ చాలదని, రంపంపొట్టులో ఒక గుప్పెడు పసుపు కలిపేసింది. ఒక్క చీమ వస్తే ఒట్టు. ఈ సంగతి ఆఫీసరు గారికి చెప్పలేదు. దాచాలని కాదు. కూరలో పసుపు వేశానని ఇంట్లో ఎవరైనా పనిగట్టుకుని చెబుతారా?

తొమ్మిదో రోజు ఉదయం రెక్కలపురుగులు బయటపడ్డాయి. కూర్మమ్మ ముందు చూసింది. చిటికెనవేలి గోరంత ఉంటుంది, మించదు. ఒళ్ళంతా బూడిదరంగు. ముందు రెక్కల నడుమ ఒక్కొక్క నల్లచుక్క, కాటుక పెట్టినట్టు. రెక్కల చివర సన్నని నూగు అంచు ఉంది, ఆ అంచు పచ్చగా, లేత పసుపు రంగులో ఉంది.

గణపతిరావు గారు భూతద్దం పెట్టి చూశారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీశారు. అరవై ఏళ్ళ కిందట ఒక దొర రాసింది, ఈ దేశపు రెక్కలపురుగులన్నీ వరసగా ఉంటాయి. అందులో ఒక బొమ్మ దగ్గర ఆగిపోయారు. ఇదే బూడిద ఒళ్ళు, ఇదే నల్లచుక్క. కానీ అంచు మాత్రం బూడిదే అని రాసి ఉంది.

"అంచు ఒక్కటీ తేడా ఉంటే ఏరే రకం అయిపోతాదా బాబూ?" అని అడిగింది కూర్మమ్మ.

"ఒకదానికి ఉంటే కాదు. పుట్టిన ప్రతిదానికీ ఉంటే అవుతుంది" అన్నారు. ఆ రోజు ఆయనకి చెప్పాలని ఉంది, ఆవిడకి వినాలని ఉంది. "పురుగులకీ మనలాగే కూర్మమ్మా, ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత. ఇంటిపేరు ఒకటే ఉన్నవాళ్ళు అన్నదమ్ముల్లాంటివాళ్ళు. పోలిక ఉంటుంది, కానీ మనిషి వేరు. ఇది ఆ పుస్తకంలో దానికి చెల్లెలనుకో. ఆ చెల్లెలికి ఇంకా పేరు పెట్టలేదు. పేరు పెట్టినవాడి పేరు కూడా ఆ పక్కనే రాస్తారు, లోకం ఉన్నంతకాలం."

చలికాలమంతా మళ్ళీ మళ్ళీ పెంచారు. నాలుగు తడవల్లో పుట్టిన ప్రతి పురుగుకీ పసుపు అంచే. గణపతిరావు గారు బొమ్మలు గీశారు, ఇంగ్లీషులో ఏడు పేజీలు రాశారు, టైపు కొట్టించారు. మాఘమాసంలో ఒకరోజు ఆకులు మారుస్తున్న కూర్మమ్మని పిలిచి, కాస్త సిగ్గుపడుతున్నట్టు చెప్పారు.

"దీనికి నీ పేరు పెడుతున్నాను."

కూర్మమ్మకి అర్థం కాలేదు. ఆయన కాగితం చూపించి వేలితో చదివారు. ముందు ఇంటిపేరు, తరవాత కూర్మమ్మ అన్న పేరు, చివర లాటిన్ వాళ్ళ పద్ధతిలో చిన్న తోక. ఆ పక్కన గణపతిరావు. "లండన్ పంపిస్తాను. అక్కడ పురుగుల పేర్లు ఖాయం చేసే పెద్ద మ్యూజియం ఉంది. వాళ్ళు ఊఁ అంటే నువ్వూ నేనూ పోయాక కూడా నీ పేరు ఉంటుంది."

ఆకులు మార్చడం అయ్యాక ఆవిడ వెనక గట్టు మీదికి వెళ్ళి ఒక్కతే కూర్చుంది. సంతోషంగా ఉంది, చాలా సంతోషంగా ఉంది, అంత సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి లక్ష్ముడికి చెప్పింది.

"పురుక్కి నీ పేరెట్టినారా?" అన్నాడు లక్ష్ముడు బస్తా గుడ్డ దులుపుతూ. "సరిగ్గానే ఎట్టినారు. పెళ్ళైన కాణ్ణుంచీ నన్ను తొలిసేత్తన్నావు గదా."

ఆట పట్టించాడే గానీ, మర్నాడు స్టేషన్లో కళాసీలందరికీ చెప్పాడు. స్టేషన్ మాస్టరుకీ చెప్పాడు. పండ్లమ్మే ముసలమ్మకి రెండుసార్లు చెప్పాడు.

ఇక చూడటానికి జనం మొదలయ్యారు. పై ఆఫీసరు ఒకాయన జీపులో వచ్చి, ఆహా ఎంత ముద్దుగా ఉంది అన్నాడు. గుమాస్తాలూ అదే అన్నారు. ఆఖరికి తాయారు కూడా వచ్చి, గడప దగ్గర నిలబడి కళ్ళార్పకుండా చూసి పోయింది. ఆ మర్నాడే రెండు పురుగుల రెక్కలు విరిగిపోయాయి. గణపతిరావు గారికి జ్వరం తగిలింది. ఇంకేముంది, దిష్టి. కూర్మమ్మకి ఇందులో అనుమానమే లేదు. పార్సిలు ఎల్లుండి పోస్టు చెయ్యాలి. ఈలోగా దిష్టి తియ్యకపోతే అది లండన్ చేరుతుందన్న నమ్మకం లేదు.

మధ్యాహ్నం భోజనాలకి అందరూ వెళ్ళాక, పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు వేసి, సున్నపుకాయలోంచి వేలితో సున్నం తీసి కలిపింది. నీళ్ళు ఎర్రగా తిరిగాయి. పురుగుల పెట్టె చుట్టూ మూడుసార్లు తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, తాయారు దిష్టి అని ఆ పేరు ప్రత్యేకంగా చెప్పి మరీ తిప్పింది. దిష్టి తగిలి విరిగిపోయినవి అక్కడే కాగితం మీద ఉన్నాయి. వాటిని కూడా ఆ నీళ్ళలో కలిపి నాలుగు తోవలు కలిసేచోట పారబోద్దామని, వేలితో ఒకదాన్ని అద్ది తీసింది. వేలికి సున్నం తడి ఉంది.

పురుగు అంచు ఎర్రగా మారింది.

కూర్మమ్మ చూస్తూ ఉండిపోయింది. తెలియక కాదు, వెంటనే తెలిసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పారాణి కలిపిన చెయ్యి అది. సున్నం తగిలి ఎర్రబడేది లోకంలో ఇంకేం ఉంది? రెండో విరిగిన రెక్కకి కూడా అద్ది చూసింది. అదీ ఎర్రబడింది. గూట్లోంచి బయటికొచ్చిన పురుగు రెక్కలు కాసేపు తడిగా, మెత్తగా ఉంటాయి. ఆ తడి రెక్కల నూగు అంచు ఈడ్చుకుంటూ అవి రంపంపొట్టులోంచి పాకి వచ్చాయి. ఆ పొట్టులో తను గుప్పెడు పసుపు కలిపింది. నాలుగు తడవలూ కలిపింది. దేవుడిచ్చిన అంచు కాదు అది, తన వంటింటి డబ్బాలోది.

పళ్ళెంలో నీళ్ళు అక్కడే పారబోసి, ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంటికి పోయింది.

లక్ష్ముడు పొద్దువాటారే వేళకి వస్తే పొయ్యి వెలగలేదు. చెప్పించుకునేసరికి తాతలు దిగొచ్చారు. అంతా విని, కాసేపు గెడ్డం గోక్కుని అన్నాడు:

"ఎవులికి తెలుస్తాది ఒలే? లండను దొరలు సున్నం ఎట్టి సూస్తారేటి?"

"సూడరు."

"మరేటి? నోరు మూసుకుని ఊరుకో. ఆ బాబుకి నాలుగు నెలల్లో పింఛను. సంబరంగా ఇంటికెళ్ళిపోతాడు. నీ పేరా, నీ పేరు ఉండిపోతాది."

"అదే గదా మావ, ఉండిపోతాది" అన్నది కూర్మమ్మ. "ఆ బాబు పేరు పక్కన అబద్ధం ఉండిపోతాది. ఆ బాబు నాలుగు నెలలు కన్ను పోగొట్టుకుని రాసినారు. రేపు ఎవులో ఒకలు పసుపు లేకండా పెంచుతారు. అప్పుడు గణపతిరావు అబద్ధం రాసినాడంటారు. నాను ఉన్నా పోయినా, ఆ మాట ఆ బాబునే అంటారు."

"మరి నీ పేరు పోతాది గదా."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ముగ్గురు పిల్లలకి దక్కనిది తనకి దక్కిందనుకుంది. నెల రోజులు అది తనదనుకుని బతికింది. లక్ష్ముడు లేచి తనే పొయ్యి రాజేశాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో అది మొదటిసారి.

మర్నాడు ఉదయం గణపతిరావు గారు జ్వరం తగ్గి, మొహం తేటపడి, పార్సిలు పెట్టెలో దూది పరుస్తున్నారు. కూర్మమ్మ బల్ల మీద సున్నపుకాయ పెట్టింది.

"బాబూ, ఒక్క పురుగు పాడుసేస్తాను, సూడండి."

అద్దింది. ఎర్రబడింది. ఎందుకు ఎర్రబడిందో, తను రంపంపొట్టులో ఏం కలిపిందో, మొదటి నుంచి చివరి దాకా నేల చూసి చెప్పింది. చెప్పడం అయ్యాక ఆయన, సూదికి గుచ్చిన వాటిల్లో అన్నిటికంటే బాగున్నదాన్ని తీశారు. గుండుసూది కొనతో సున్నం తీసి తనే అంచుకి తాకించారు. భూతద్దం లేకుండానే కనిపించింది.

"నీళ్ళ గిన్నెలు పెట్టమన్నాను కదా" అన్నారు మెల్లిగా.

"పెట్టినాను బాబూ. సీమలు ఆగలేదు."

"నాకు చెప్పొచ్చు కదా."

"సెప్పాలని తెలీదు."

"బయటికెళ్ళు కూర్మమ్మా" అన్నారు. వెళ్ళింది. ఆవిడ వెనక తలుపు మూసుకుంది.

మూడు రోజులు ఆయన గదికి రాలేదు. కూర్మమ్మ మాత్రం వచ్చింది. తిట్టించుకోవడానికైనా మనిషి ఉండాలి కదా. పురుగులకి ఈ గొడవతో సంబంధం లేదు, వాటికి పొద్దున్నే ఆకలేస్తుంది. పసుపు కలిసిన పొట్టంతా ఊడ్చి పారేసి, పెట్టెలు కడిగి ఎండబెట్టింది. ఆ మూడు రోజులూ పురుగులతో ఒక్క మాటా మాట్లాడలేదు.

నాలుగో రోజు గణపతిరావు గారు ఆ లావుపాటి పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చారు. గెడ్డం గీసుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, ఆవిడని కూడా కూర్చోమన్నారు. కూర్మమ్మ నేల మీద కూర్చుంది.

"ఏడు పేజీలూ చింపేశాను" అన్నారు. "నీ మీద కోపంతో మాత్రం కాదు. మొదటి రోజు కోపమే. రెండో రోజు సిగ్గేసింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసు, ఆ పసుపు నా కంటికి ఆనలేదు. అంచు చూసి మురిసిపోయాను. నాకు కావాల్సింది కనబడింది, అంతే."

"తప్పు నాది బాబూ."

"ఇద్దరిదీనూ. ఇప్పుడది కాదు, ఇది విను." పుస్తకం తెరిచారు. "పసుపు తీసేస్తే ఇది కొత్తదేమీ కాదు, ఈ దొర చెప్పినదే. దీనికి పేరు ఎప్పుడో ఉంది, మనం పెట్టక్కర్లేదు. ఈ పేజీ నేను వందసార్లు చదివాను, అంచు మాట వరకే చదివాను. అడుగున ఇంకో రెండు ముక్కలున్నాయి. 'ఒక్కటే దొరికింది, దీపం దగ్గర. దీని పిల్లపురుగు ఎలా ఉంటుందో తెలియదు. ఏ ఆకు తింటుందో తెలియదు.' ఆ తరవాత వచ్చిన పుస్తకాలూ చూశాను. ఎవరికీ తెలియదు. అరవై ఏళ్ళుగా దీని పిల్లని చూసినవాళ్ళు లోకంలో లేరు."

కూర్మమ్మ తలెత్తింది.

"నాను సూసినాను గదా బాబూ. ఆకుపచ్చగుంటాది, నల్లతల. తుత్తురుబెండ తింటాది, ముదురాకు ముట్టదు. పన్నెండో నాడు మేత మానేస్తాది. ముట్టుకుంటే ఎనక్కి పోదు, ముడుసుకోదు, దారం ఏసుకుని కిందకి దిగిపోతాది."

"చెప్పు" అన్నారు గణపతిరావు గారు కలం తీసి. "మొదటి నుంచి చెప్పు. మెల్లిగా చెప్పు."

అయితే పంపించడానికి శుభ్రమైన పురుగులు కావాలి, పసుపు తగలనివి. అప్పటికి చైత్రం వచ్చేసింది. గట్ల మీద తుత్తురుబెండ ఎండిపోయింది. కూర్మమ్మ వేకువనే లేచి నాగావళి ఒడ్డు దాకా నడిచి, తడి ఉన్నచోట దొరికిన నాలుగు లేత ఆకులు తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చేది. నీళ్ళ గిన్నెలు రోజుకి నాలుగుసార్లు మార్చింది, తెట్టు కట్టనిస్తే కదా. లక్ష్ముడు ఆదివారాలు వచ్చి గిన్నెలు తోమిపెట్టేవాడు, గొణుక్కుంటూ తోమేవాడు. వడగాడ్పులకి సగం పురుగులు చచ్చిపోయాయి. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా ఆవిడ ప్రాణం విలవిల్లాడేది. ఇన్నాళ్ళూ ఇలా లేదు, ఇప్పుడెందుకో తట్టుకోలేకపోయింది. జూన్ రెండో వారంలో పన్నెండంటే పన్నెండు రెక్కలొచ్చి బయటపడ్డాయి. ఒళ్ళంతా బూడిద, నడుమ కాటుకచుక్క, బూడిద అంచు. పుట్టినవి పుట్టినట్టు ఉన్నాయి.

రిటైర్మెంటు ముందు రోజు గది దాదాపు ఖాళీ అయింది. గణపతిరావు గారి పుస్తకాలు ట్రంకుపెట్టెలోకి వెళ్ళిపోయాయి. బల్ల మీద పార్సిలు పెట్టె ఒక్కటే మిగిలింది. అందులో పన్నెండు సూదులు, సూదికొక పురుగు, ప్రతి పురుగు కిందా అదే సూదికి గుచ్చిన చిన్న చీటీ. గోరంత చీటీ మీద చీమతలకాయలంత అక్షరాలు, కంటిపొరతో ఆయన రెండు రోజులు కూర్చుని రాశారు. కూర్మమ్మ నేల ఊడుస్తూ వచ్చి, చీపురు పట్టుకునే వంగి చూసింది.

"ఈ సీటీలో ఏటి రాస్తారు బాబూ? ఇన్నేళ్ళు సేసినాను, ఎప్పుడూ అడగలేదు."

"ఇది లేకపోతే పురుగు ఉన్నా లేనట్టే" అన్నారు. "ఎక్కడిది, ఎప్పటిది, ఎవరి చేతిలోంచి వచ్చింది. పేరు తప్పయితే రేపు ఎవరైనా దిద్దుతారు. చీటీని ఎవరూ దిద్దరు. పురుగు ఉన్నంతకాలం దాంతోనే ఉంటుంది."

"ఏటుందో సదవండి మరి."

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, చీటీని కంటికి దగ్గరగా పెట్టుకున్నారు. ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు చేసి చదివారు. "మొదటి వరస, ఆమదాలవలస. రెండో వరస, జూన్ పంతొమ్మిది వందల అరవై ఎనిమిది, తుత్తురుబెండ ఆకు మీద." వేలు కిందికి జరిపారు. "మూడో వరస, పెంచినది కూర్మమ్మ."

చీపురు చేతిలో అలాగే ఉంది. కూర్మమ్మ ఆ చీటీని చూసింది, పక్క చీటీని చూసింది, పెట్టె చివరిదాకా చూసింది.

"మళ్ళీ సదవండి బాబూ."

"పెంచినది కూర్మమ్మ."

"ఈ పక్కదాని మీద?"

గణపతిరావు గారు అన్నిటి మీదా అదే ఉందని చెప్పబోయి, ఆవిడ మొహం చూసి మానేశారు. స్టూలు దగ్గరకి లాక్కుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, మొదటి నుంచి ఒక్కొక్క చీటీ మీదా వేలుపెట్టి, పన్నెండూ చదివారు.